ఉగ్రవాదం నిర్వచనాన్ని విడగొట్టి చదవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"సార్, ఉగ్రవాదం అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండి." గ్రూప్-1కి, సివిల్స్‌కి చదివేవాళ్లు, లా విద్యార్థులు, న్యూస్ డెస్కుల్లో కొత్తగా చేరినవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. అందరికీ ఒప్పుదలైన ఆ ఒక్క వాక్యం ప్రపంచంలో ఎక్కడా లేదు. ఉన్నవి చాలా నిర్వచనాలు, ఒక్కోదానికి ఒక్కో పని. వాటిని బట్టీ పట్టడం కన్నా విడగొట్టి చదవడం నేర్చుకుంటే పరీక్షలోనూ, వార్త రాసేటప్పుడూ, కోర్టు తీర్పు చదివేటప్పుడూ తడబడరు. ఆ విడగొట్టే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవలసినవి

అసలు పాఠం లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. గైడుల్లో ఉండే సారాంశాలు పనికిరావు. వాటిలో ముందు ఎగిరిపోయేవే మనకు కావలసిన చిన్న మాటలు.

- ఉపా చట్టం, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల (నిరోధక) చట్టం, 1967, ఇంగ్లీషు బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలు లేని అసలు చట్టం పాఠం). తెలుగు అనువాదం పక్కన ఉంటే మంచిదే, కానీ పని మూలం మీదే చేయండి.
- భారతీయ న్యాయ సంహితలో (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) ఉగ్రవాద చర్యను నేరంగా చెప్పే 113వ సెక్షన్.
- రెండు రంగుల పెన్నులు, ఆరు గడులు గీసిన ఒక తెల్లకాగితం.

కోఠిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ప్రతి అయితే ఒక పరీక్ష పెట్టండి. ఉపా 15వ సెక్షన్‌లో 'ఆర్థిక భద్రత' అన్న మాట ఉందా? లేకపోతే అది 2012 సవరణ ఎక్కని పాత ప్రతి. చివర నాలుగో షెడ్యూల్ ఉందా? లేకపోతే 2019 సవరణ ఎక్కలేదు. అలాంటి ప్రతి పెట్టుకుని చదివితే కష్టపడి తప్పు నేర్చుకున్నట్టు అవుతుంది.

2. తెలుగు మాటలు ముందు తేల్చుకోండి

మన పత్రికల్లో ఉగ్రవాదం, తీవ్రవాదం అనే రెండు మాటలూ కలిసిపోయాయి. 'తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలు' అంటే నక్సల్స్ ఉన్న ఏజెన్సీ ప్రాంతాలని అర్థం చేసుకుంటాం. 'ఉగ్రదాడి' అంటే బాంబు పేలుళ్లు గుర్తొస్తాయి. ఇది వాడుకలో వచ్చిన తేడా. చట్టం పరిభాష వేరు. మావోయిస్టు పార్టీ కూడా ఉపా మొదటి షెడ్యూల్‌లో ఉగ్రవాద సంస్థగానే ఉంది.

ఇంకో గందరగోళం 'నిషేధిత సంస్థ' దగ్గర వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1992 ప్రజాభద్రతా చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని చట్టవ్యతిరేక సంఘంగా ప్రకటించవచ్చు. 2021లో తెలంగాణ ప్రభుత్వం విరసం (విప్లవ రచయితల సంఘం)తో సహా 16 సంఘాలను అలాగే ప్రకటించి, కొన్ని నెలల్లోనే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఆ ప్రకటనకూ, కేంద్రం ఉపా కింద ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చడానికీ చాలా దూరం ఉంది. రెండింటినీ ఒకే మాటతో రాస్తే తప్పు.

కాగితం మీద ఈ నాలుగూ విడివిడిగా రాసి పెట్టుకోండి.

- చట్టవ్యతిరేక కార్యకలాపం: ఉపా సెక్షన్ 2(1)(ఓ).
- ఉగ్రవాద చర్య: సెక్షన్ 15.
- ఉగ్రవాద సంస్థ: మొదటి షెడ్యూల్‌లో పేరున్నది.
- ఉగ్రవాదిగా ప్రకటించిన వ్యక్తి: నాలుగో షెడ్యూల్‌లో పేరున్నవారు, 2019 నుంచి.

చివరి రెండూ కేంద్ర ప్రభుత్వం తన నమ్మకం మీద చేసే ప్రకటనలు. కోర్టులో నేరం రుజువయ్యాక ఇచ్చే తీర్పులు కావవి. ఈ తేడా తెలియకుండా ముందుకు వెళ్లకండి.

3. నిర్వచనం చేతికి రాగానే: ఇది ఏ పని కోసం?

శిక్ష వేయడానికి రాసిన నిర్వచనం ఒకలా ఉంటుంది, లెక్కలు కట్టడానికి రాసినది ఇంకోలా ఉంటుంది. మనిషిని జైలుకు పంపే నిర్వచనంలో ప్రతి మాటా ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. పరిశోధకుడి నిర్వచనంలో ఆ బరువు ఉండదు. దౌత్య ప్రకటనలో ఉన్నది చాలాసార్లు రాజీ కుదిరిన మాట.

ఒకే దేశంలో కూడా ఇవి వేరువేరుగా ఉంటాయి. అమెరికాలో విదేశాంగ శాఖ వార్షిక నివేదికలకు వాడే నిర్వచనం ప్రకారం రాజకీయ ప్రేరణ ఉండాలి, ముందస్తు పథకం ఉండాలి, దాడి పోరాటంలో లేనివారి మీద జరగాలి, చేసినది ప్రభుత్వేతర ముఠా గానీ రహస్య ఏజెంట్లు గానీ అయి ఉండాలి. ఎఫ్‌బీఐ పాటించే నిబంధనలో ఆస్తి మీద దాడి కూడా వస్తుంది, రాజకీయ లక్ష్యంతో పాటు సామాజిక లక్ష్యమూ చాలు. ఇక 'దేశీయ ఉగ్రవాదం' అన్నదానికి అక్కడి ఫెడరల్ చట్టంలో నిర్వచనం ఉంది కానీ, ఆ పేరుతో విడిగా శిక్ష వేసే నేరం లేదు.

కాబట్టి నిర్వచనం పైన ముందు ఇది రాయండి: ఎవరిది, ఏ ఏడాదిది, ఏ పని కోసం.

4. ఆరు గడుల కాగితం

ఇప్పుడు నిర్వచనాన్ని ఆరు ప్రశ్నలకు సమాధానాలుగా విడగొట్టండి.

- ఏం చేశారు? చావు, గాయం, ఆస్తి నష్టం, సేవలు ఆపడం, బెదిరింపు.
- ఎవరి మీద? పౌరులా, ఎవరైనా సరేనా, సైనికులు కూడానా?
- ఏ ఉద్దేశంతో? జనాన్ని భయపెట్టడానికా, ప్రభుత్వం మెడలు వంచడానికా?
- ఏ ఆశయం కోసం? రాజకీయ, మత, జాతి, సిద్ధాంత కారణం అడిగారా, వదిలేశారా?
- ఎవరు చేస్తే? వ్యక్తులు, ముఠాలు మాత్రమేనా? ప్రభుత్వ బలగాలు వస్తాయా?
- దేనికి మినహాయింపు? సమ్మె, నిరసన, యుద్ధం.

మూడు, నాలుగు గడులు కలిపేయడం అందరూ చేసే పొరపాటు. ఉద్దేశం వేరు, ఆశయం వేరు. బస్టాండులో బాంబు పెట్టినవాడి ఉద్దేశం జనం వణికిపోవడం. ఆ వణుకుతో వాడు సాధించాలనుకున్నది ఆశయం. కొన్ని చట్టాలు రెండూ అడుగుతాయి, కొన్ని ఒకటే అడుగుతాయి.

ఏదైనా గడి ఖాళీగా మిగిలితే 'లేదు' అని రాయండి. ఖాళీగా వదిలితే తర్వాత అక్కడ మన ఊహ నింపేస్తాం.

5. సెక్షన్ 15 చదవడం: చిన్న మాటల దగ్గర ఆగండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. మన దేశంలో మనుషుల జీవితాలు ఈ సెక్షన్ మీద ఆధారపడి ఉన్నాయి.

ఒక రంగు పెన్నుతో ఇంగ్లీషు పాఠంలోని ప్రతి 'ఆర్' చుట్టూ సున్నా చుట్టండి. ఇంకో రంగుతో ప్రతి 'అండ్' చుట్టూ. మొదటి ఉపవాక్యం, అంటే (ఎ) క్లాజు మొదలయ్యేలోపు, ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. పోయినసారి క్లాసులో ఒకమ్మాయి లెక్కపెట్టి తలెత్తి చూసింది. "ఆరు 'ఆర్'లు సార్. ఒక్క 'అండ్' కూడా లేదు." ఆ రోజు అంతకన్నా చెప్పడానికి నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఆ ఉపవాక్యాన్ని తెలుగులో విప్పితే ఇలా ఉంటుంది. భారతదేశ ఐక్యత, సమగ్రత, భద్రత, ఆర్థిక భద్రత, సార్వభౌమత్వాలలో దేనికైనా ముప్పు తెచ్చే ఉద్దేశంతో, లేదా ముప్పు తెచ్చే అవకాశం ఉండేలా. లేదా ప్రజల్లో గానీ ఏదైనా ఒక వర్గంలో గానీ, ఇక్కడ గానీ విదేశంలో గానీ, భీతి పుట్టించే ఉద్దేశంతో, లేదా పుట్టించే అవకాశం ఉండేలా చేసిన చర్య.

'ఉద్దేశంతో' తర్వాత వచ్చే 'లేదా అవకాశం ఉండేలా' అన్న ముక్క చిన్నదిగా కనిపిస్తుంది. దాని బరువు తెలియాలంటే టాడా రోజులకు, అంటే ఇప్పుడు అమల్లో లేని పాత ఉగ్రవాద నిరోధక చట్టం రోజులకు వెళ్లాలి. టాడాలో ఉద్దేశం అన్న మాట ఒక్కటే ఉండేది. హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో 1994లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: నేరం వల్ల జనంలో భయం పుట్టినంత మాత్రాన సరిపోదు, భయం పుట్టించడమే ఉద్దేశమై ఉండాలి. ఉపాలో 'అవకాశం' అన్న మాట చేరాక ఆ గీత పలచబడింది. నా మటుకు నాకు ఈ సెక్షన్ మీద ఉన్న మొదటి ఆందోళన అదే.

తర్వాత (ఎ) క్లాజు. బాంబులు, డైనమైట్, తుపాకులు, విషవాయువులు అని వరుసగా చెప్పుకుంటూ వచ్చి, చివర 'ఏ రకమైన ఇతర పద్ధతిలోనైనా' అంటుంది. ఈ మాట 2008లో, ముంబయి దాడుల తర్వాత వచ్చిన సవరణలో చేరింది. దీన్ని ఎంత వెడల్పుగా చదవాలన్న దానిమీదే కోర్టుల్లో వాదన నడుస్తోంది. 2021లో ఢిల్లీ హైకోర్టు బెయిల్ కేసుల్లో దీన్ని ఇరుకుగా చదివింది. ఆ తీర్పులను వేరే కేసుల్లో పూర్వ ఉదాహరణగా చూపవద్దని సుప్రీంకోర్టు కొద్ది రోజుల్లోనే చెప్పింది. హైకోర్టు తీర్పు ఒక్కటే రాసి ఊరుకుంటే సగం నిజం రాసినట్టే.

పర్యవసానాల జాబితా కూడా చూడండి: చావు, గాయాలు, ఆస్తి నష్టం, సమాజానికి అత్యవసరమైన సరఫరాలు, సేవలకు అంతరాయం, నాణ్యమైన నకిలీ నోట్ల చెలామణీతో ద్రవ్య స్థిరత్వానికి దెబ్బ, రక్షణకు, ప్రభుత్వ అవసరాలకు వాడే ఆస్తి ధ్వంసం. 'ఆస్తి నష్టం' ముందు 'తీవ్రమైన' అన్న విశేషణం లేదని గుర్తు పెట్టుకోండి. (బి) క్లాజు ప్రభుత్వ పదవుల్లో ఉన్నవారి హత్య, హత్యాయత్నం, బలప్రయోగంతో లొంగదీయడం గురించి. (సి) క్లాజు మనుషులను ఎత్తుకెళ్లి ప్రభుత్వాన్ని గానీ ఇంకెవరినైనా గానీ బలవంతపెట్టడం గురించి.

6. ఏం లేదో వెతకండి

సెక్షన్ 15లో నాలుగో గడి ఖాళీ. రాజకీయ, మత, సిద్ధాంత ఆశయం రుజువు చేయాలన్న షరతు అందులో లేదు. ఆరో గడీ ఖాళీయే. సమ్మెకో నిరసనకో ఆ సెక్షన్‌లో మినహాయింపు రాయలేదు.

ఇంకో లోటు. ఉపా 'ఉగ్రవాదం' అన్న మాటను విడిగా నిర్వచించలేదు. ఉగ్రవాద చర్యను 15లో నిర్వచించి, ఉగ్రవాదం, ఉగ్రవాది అన్న మాటలను దాన్నిబట్టే అర్థం చేసుకోవాలంది. అందుకే 'ఉపా ప్రకారం ఉగ్రవాదం అంటే' అని మొదలుపెట్టే జవాబు మొదటి మాటలోనే జారిపోతుంది.

7. పక్కన ఇంకో రెండు చట్టాలు పెట్టి చూడండి

బ్రిటన్ 2000 నాటి ఉగ్రవాద చట్టం మొదటి సెక్షన్‌లో మూడు మెట్లున్నాయి, వాటి మధ్య 'అండ్' ఉంది. తీవ్రమైన హింస, ఆస్తికి తీవ్ర నష్టం, ప్రాణాపాయం లాంటి చర్య గానీ దాని బెదిరింపు గానీ ఉండాలి. అది ప్రభుత్వాన్ని ప్రభావితం చేయడానికో జనాన్ని బెదిరించడానికో అయి ఉండాలి. రాజకీయ, మత, జాతి, సిద్ధాంత లక్ష్యం కోసం అయి ఉండాలి. తుపాకీ గానీ పేలుడు పదార్థం గానీ వాడితే రెండో మెట్టు అక్కర్లేదు. ఇదీ ఇరుకైన నిర్వచనమేమీ కాదు. సాయుధ ఘర్షణలో సైనికుల మీద తిరుగుబాటుదారులు చేసే దాడి కూడా దీని కిందికి రాగలదని ఆ దేశ సుప్రీంకోర్టు 2013లో తేల్చింది.

కెనడా శిక్షాస్మృతిలో చూడవలసింది మినహాయింపు. అత్యవసర సేవలకు అంతరాయం అన్న క్లాజు దగ్గరే, ప్రాణహాని లాంటి తీవ్ర హాని ఉద్దేశం లేని నిరసన, అసమ్మతి, పని ఆపడం దీని కిందికి రావని రాసి ఉంది.

8. ఐక్యరాజ్యసమితి దగ్గర జాగ్రత్త

అందరూ ఒప్పుకున్న సమగ్ర నిర్వచనం ఐక్యరాజ్యసమితిలో లేదు. సమగ్ర ఒప్పందం ముసాయిదాను భారతదేశమే 1996లో ప్రతిపాదించింది. విముక్తి పోరాటాలను ఏం చేయాలి, ప్రభుత్వ సైన్యాల చర్యలను ఏం చేయాలి అన్న రెండు ముళ్ల దగ్గర అది ఆగిపోయింది.

ఉన్నవి ఇవి:

- 1994 సర్వసభ్య సభ ప్రకటన: రాజకీయ ప్రయోజనాల కోసం జనంలో భీతావహ స్థితి కల్పించే నేరాలు ఏ పరిస్థితిలోనూ సమర్థనీయం కావు.
- 1999 ఆర్థిక సహాయ నిరోధక ఒప్పందం: పౌరులను, పోరాటంలో లేనివారిని చంపే లేదా తీవ్రంగా గాయపరిచే ఉద్దేశం, దాంతో జనాన్ని భయపెట్టే లేదా ప్రభుత్వాన్ని బలవంతపెట్టే ప్రయోజనం.
- 2004 భద్రతా మండలి 1566వ తీర్మానం: ప్రాణహాని లేదా బందీలను పట్టడం, భయపెట్టే ప్రయోజనం, ఇప్పటికే ఉన్న అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం నేరమై ఉండటం. మూడూ కలిసి ఉండాలి.

2001 నాటి 1373వ తీర్మానం అన్ని దేశాలనూ ఉగ్రవాదాన్ని శిక్షించమంది కానీ, ఉగ్రవాదం అంటే ఏమిటో చెప్పలేదు. పరీక్షల్లో ఎక్కువ మంది తప్పు రాసేది ఇదే.

9. నిపుణుల నిర్వచనాలు ఎలా వాడాలి

అలెక్స్ ష్మిడ్, ఆల్బర్ట్ యాంగ్‌మన్ 1980ల్లో 109 నిర్వచనాలు సేకరించి అందులోని అంశాలను లెక్కపెట్టారు. 22 రకాల అంశాలు తేలాయి. హింస లేదా బలప్రయోగం 83.5 శాతం నిర్వచనాల్లో, రాజకీయ కోణం 65 శాతంలో, భయం 51 శాతంలో ఉన్నాయి. పేరులోనే భయం ఉన్న నేరానికి ఇచ్చిన నిర్వచనాల్లో దాదాపు సగం ఆ మాట ఎత్తలేదన్నమాట. తర్వాత ష్మిడ్ ఒక సులువైన దారి సూచించారు: యుద్ధకాలంలో చేస్తే యుద్ధ నేరమయ్యే పని శాంతికాలంలో చేస్తే ఉగ్రవాదం అనండి, చాలు అని. అది ఐక్యరాజ్యసమితిలో నిలబడలేదు.

లెక్కల కోసం అయితే మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్ల గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ పద్ధతి చూడండి. చర్య కావాలని చేసినదై, హింస గానీ దాని బెదిరింపు గానీ ఉండి, చేసినవారు ప్రభుత్వేతరులై ఉండాలి. ఈ మూడూ తప్పనిసరి. ఆ పైన రాజకీయ, ఆర్థిక, మత, సామాజిక లక్ష్యం; బాధితులను దాటి ఇంకెవరికో సందేశం; యుద్ధ నియమాలకు బయట ఉండటం: ఈ మూడింటిలో కనీసం రెండు. ఏ గణాంకం రాసినా అది ఏ నిర్వచనంతో లెక్కించిందో పక్కనే రాయండి.

10. ఘటన మీద పెట్టి చూడండి

నిర్వచనం అర్థమైందో లేదో ఇక్కడే బయటపడుతుంది. మూడు ఘటనలతో సాధన చేయండి.

దిల్‌సుఖ్‌నగర్, 2013 ఫిబ్రవరి 21. సాయంత్రం రద్దీలో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలాయి. సెక్షన్ 15లో సాధనం, పర్యవసానం, ఉద్దేశం అన్నీ నిండుతాయి. ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు 2016లో ఐదుగురికి మరణశిక్ష వేసింది, తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖరారు చేసింది. ఇది తేలిక ఉదాహరణ.

లాస్ వేగస్, 2017 అక్టోబరు 1. హోటల్ గదిలోంచి ఒకడు సంగీత కచేరీ మీద తుపాకులు పేల్చాడు. చనిపోయినవారు 60 మంది. స్పష్టమైన కారణం ఏదీ ఎఫ్‌బీఐకి తేలలేదు. ఆశయం అడిగే నిర్వచనాల్లో ఇది ఇమడదు. సామాన్య జనాన్ని చంపే ఉద్దేశంతో చేసిన హింస చాలనే నెవాడా రాష్ట్ర చట్టంలో ఇమిడిపోతుంది. సెక్షన్ 15 మాటలతో చూసినా అంతే. నాలుగో గడి ఎంత పని చేస్తుందో ఈ ఒక్క ఘటనతో తెలిసిపోతుంది.

సకల జనుల సమ్మె, 2011. తెలంగాణలో 42 రోజులు సాగింది. బస్సులు ఆగాయి, సింగరేణిలో బొగ్గు ఆగింది. పర్యవసానాల జాబితా ఒక్కటే చూస్తే 'అత్యవసర సేవలకు అంతరాయం' అన్న గడి నిండినట్టే అనిపిస్తుంది. కానీ దేశ సమగ్రతకు ముప్పు, జనంలో భీతి అన్న మొదటి మెట్టు ఎక్కదు. రాజ్యాంగం ప్రకారమే కొత్త రాష్ట్రం అడిగిన ఉద్యమం అది. కెనడాలో అయితే మినహాయింపు క్లాజే అడ్డు నిలుస్తుంది, ఇక్కడ మొదటి ఉపవాక్యాన్ని జాగ్రత్తగా చదవడం ఒక్కటే అడ్డు. పర్యవసానం నుంచి మొదలుపెట్టి వెనక్కి చదవకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

తప్పు: కేసు పెట్టగానే 'ఉగ్రవాది అరెస్టు' అని రాయడం. సవరణ: 'ఉపా కింద నిందితుడు' అని రాయండి. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత అరెస్టయిన యువకులు కొందరు కోర్టులో నిర్దోషులుగా బయటికి వచ్చారు. శీర్షికలు మాత్రం వాళ్ల ఇంటి గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

తప్పు: న్యాయ సంహితలో 113 వచ్చింది కాబట్టి ఉపా పోయిందనుకోవడం. సవరణ: రెండూ అమల్లో ఉన్నాయి. ఏ చట్టం కింద కేసు పెట్టాలో ఎస్పీ హోదాకు తగ్గని అధికారి నిర్ణయించాలని 113లోనే ఉంది.

తప్పు: 'ఒకరికి ఉగ్రవాది, మరొకరికి స్వాతంత్ర్య యోధుడు' అన్న మాటతో జవాబు ముగించడం. సవరణ: ఆ మాట మూడు, నాలుగు గడులు కలిపేస్తుంది. ఆశయం ఎంత మంచిదైనా పౌరులను గురిపెట్టిన చర్య ఏ గడిలో పడుతుందో విడిగా చెప్పండి.

తప్పు: వేరే దేశం నిర్వచనంతో ఇక్కడి కేసును తూచడం. సవరణ: ముందు ఇక్కడి సెక్షన్, ఆ తర్వాతే పోలిక.

12. రాసి ఇచ్చే ముందు చూసుకోవలసినవి

- నిర్వచనం ఎవరిదో, ఏ ఏడాదిదో రాశానా?
- ఆరు గడుల్లో ఖాళీగా ఉన్నవాటిని పేరు పెట్టి చెప్పానా?
- 'లేదా' ఉన్నచోట 'మరియు' అర్థం వచ్చేలా రాయలేదు కదా?
- 'అవకాశం ఉండేలా' అన్న ముక్క వదిలేయలేదు కదా?
- ప్రకటన, అభియోగం, తీర్పు మూడింటినీ వేరువేరు మాటలతో రాశానా?
- హైకోర్టు మాట రాస్తే, సుప్రీంకోర్టు దాని గురించి ఏమందో చూశానా?
- నిందితుడి కుటుంబం, బాధితుడి కుటుంబం ఇద్దరూ ఇది చదివితే, ఇందులో నేను రుజువు చూపలేని మాట ఏదైనా ఉందా? ఉంటే, ఇప్పుడే కొట్టేయండి.